రెండు రూపాయలంటే ఎన్ని మిల్లీమీటర్లు?

భవానీపురంలో మా బాబాయికి ఒక వాటర్ ప్లాంట్ ఉంది. ప్లాంట్ అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. రోడ్డు మీదకి షట్టరున్న ఒక గది, లోపల ఆర్వో యూనిట్, పైన ట్యాంకు, బయట గోడకి బిగించిన ఒక స్టీలు డబ్బా. అంతే. ఆ డబ్బాకి రెండు సందులు. ఒకదాంట్లో అయిదు రూపాయల కాయిన్ వేస్తే 20 లీటర్ల టిన్ను నిండుతుంది. రెండోదాంట్లో రెండు రూపాయల కాయిన్ వేస్తే 6 లీటర్లు వస్తాయి. మా వైపు దీన్ని కాయిన్ బాక్స్ అంటారు. ఒకప్పుడు రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఫోన్లకున్న పేరే దీనికీ వచ్చేసింది. నాలుగు వీధులు దాటితే కృష్ణా నది, అవతల భవానీ ద్వీపం, మేమేమో డబ్బాలో కాయిన్లేసి నీళ్ళు కొనుక్కుంటాం. దాని గురించి ఇంకో వ్యాసం రాయాలి, ఇప్పుడు కాదు.

ఆదివారం రాత్రి బాబాయి డబ్బా తాళం తీసి చిల్లర లెక్కపెడతాడు. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ పక్కన కూర్చున్నా. రెండు రూపాయల గల్లాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే అందులో రూపాయి బిళ్ళలు! పాతవి, పెద్దవి. మొత్తం ఏరితే 64 తేలాయి.

"చూశావురా? ఇదీ సంగతి. ఆ టిఫిన్ సెంటర్ కుర్రాడే" అన్నాడు బాబాయి.

పక్కనే ఒక టిఫిన్ సెంటర్ ఉంది. అది నడిపే అక్క కొడుకు తొమ్మిదో తరగతి. 20 లీటర్లంటే 20 కేజీలు, వాడు మొయ్యలేడు. అందుకని చిన్న బిందెతో రోజుకి నాలుగైదుసార్లు వచ్చి రెండు రూపాయల సందులో కాయిన్ వేసి పట్టుకెళ్తాడు. మర్నాడు పొద్దున వాడు రాగానే బాబాయి పట్టుకున్నాడు. "రూపాయి వేసి రెండు రూపాయల నీళ్ళు పట్టుకుపోతున్నావా? దొంగతనం ఎవరు నేర్పార్రా?" అని నలుగురి ముందూ అడిగేశాడు. వాడి మొహం ఎర్రబడింది. "గల్లాలో మా అమ్మ ఇచ్చిందే వేశాను. అయినా సాయంత్రం పూట మీ మెషిన్ బిందె నిండనివ్వదు, దానికేమంటావ్?" అన్నాడు. ఎదురు మాట్లాడుతున్నాడని బాబాయికి ఇంకా కోపం వచ్చింది. ఆ రెండో వాక్యాన్ని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

నాకు పట్టింది ఒక్కటే: మెషిన్ రూపాయిని ఎందుకు తీసుకుంది? మూడో సంవత్సరం మెకానికల్ చదువుతూ ఆ మాత్రం చెప్పలేకపోతే ఎలా? గల్లాలోంచి ఒక్కో రకం కాయిన్ జేబులో వేసుకుని కాలేజీకి వచ్చేశా. మెట్రాలజీ ల్యాబులో వెర్నియర్ కాలిపర్, కెమిస్ట్రీ ల్యాబులో తూకం. రెండు గంటల పని.

ఫలితం చెప్తాను, జాగ్రత్తగా చదవండి. 1992 నుంచి 2010 దాకా మన చేతుల్లో తిరిగిన స్టీలు రూపాయి అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011లో కొత్త ₹ గుర్తుతో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. రెండూ ఒకే లోహం: ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్, అంటే 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. మందం మాత్రం తేడా ఉండొచ్చుగా అని మా రూమ్మేట్ అడిగాడు. ఉండదు. లోహం ఒకటే అయితే సాంద్రత ఒకటే. బరువూ, వైశాల్యమూ కూడా ఒకటే అయినప్పుడు సగటు మందం వేరుగా ఉండే దారే లేదు. సాంద్రత 7.7 అనుకుని లెక్కేస్తే రెండింటికీ సుమారు 1.28 మిల్లీమీటర్లు వస్తుంది. అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి కాలిపర్ అంతకంటే ఎక్కువ చూపిస్తుంది, అది వేరే సంగతి.

అంటే ప్రభుత్వం రూపాయికి బొమ్మ మార్చి రెండు రూపాయలు చేసింది. మనిషి కంటికి అది చాలు. మెషిన్‌కి కళ్ళు లేవు.

ఇంకా తమాషా ఏంటంటే, 2007లో వచ్చిన రెండు వేళ్ళ ముద్ర ఉన్న రెండు రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. అది బాబాయి డబ్బా సందులోనే దూరదు. 2019 సిరీస్ రెండు రూపాయలు 23 మిల్లీమీటర్లు, 4.07 గ్రాములు. అది దూరుతుంది కానీ చిన్నదని కిందకి తోసేస్తుంది. అసలైన రెండు రూపాయలు రెండు రకాలు బయట నిలబడితే, రూపాయి మాత్రం దర్జాగా లోపలికి పోయి 6 లీటర్లు పట్టుకొచ్చింది.

ఇక్కడి నుంచి అసలు పాఠం. కాయిన్ మెషిన్ డిజైన్ చేసేవాడి ముందు ఉండే ప్రశ్న "రెండు రూపాయలని ఎలా గుర్తుపట్టాలి" అన్నది. మెషిన్‌కి విలువ తెలియదు. దానికి తెలిసేవి కొలత, బరువు, లోహం. ఈ మూడింటిలోకి రెండు రూపాయలని అనువదించాలి.

చరిత్రలో మనకి తెలిసిన మొదటి మెషిన్ అసలు ఇంత కూడా ఆలోచించలేదు. అలెగ్జాండ్రియాకి చెందిన హీరో అనే ఇంజనీరు, క్రీస్తుశకం మొదటి శతాబ్దం మనిషి, తన న్యూమాటికా గ్రంథంలో ఒక పరికరం వర్ణించాడు. గుడి దగ్గర పెట్టే కూజా లాంటి పాత్ర. పైనున్న సందులో అయిదు ద్రాక్మాల నాణెం వేస్తే అది లోపల ఒక లివర్ చివరనున్న పళ్ళెం మీద పడుతుంది. పళ్ళెం వంగుతుంది, లివర్ రెండో చివర లేస్తుంది, దానికి కట్టిన మూత తెరుచుకుని పవిత్ర జలం బయటికి వస్తుంది. పళ్ళెం వంగాక నాణెం జారి కింద పడిపోతుంది, లివర్ వెనక్కి వెళ్తుంది, మూత పడుతుంది. గమనించారా? ప్రపంచంలో మొదటి వెండింగ్ మెషిన్ అమ్మింది నీళ్ళే. మా భవానీపురం డబ్బాకి ముత్తాత. కాకపోతే హీరో పళ్ళెం మీద అంతే బరువున్న గులకరాయి వేసినా నీళ్ళొస్తాయి. భక్తుల మీద నమ్మకం కాబోలు.

ఆ తర్వాత ఈ మెషిన్లు వీధుల్లోకి వచ్చింది 1880ల్లో. 1883లో లండన్‌లో పెర్సివల్ ఎవరిట్ పోస్టుకార్డులు అమ్మే మెషిన్ పెట్టాడు. వీధిలోకి వచ్చాక నమ్మకం పనికిరాదు, తనిఖీ కావాలి. అప్పట్నుంచి వందేళ్ళకి పైగా మెకానికల్ వాళ్ళు కరెంటు లేకుండానే రకరకాల తనిఖీలు కనిపెట్టారు. వాటిల్లో నాకు బాగా నచ్చినవి చెప్తాను.

మొదటిది సందు. అది గేజ్. మనం ల్యాబులో వాడే గో, నో-గో గేజ్ ఉంది చూడండి, అదే. 25 మిల్లీమీటర్ల కాయిన్‌కి 25.4 సందు పెడితే అంతకంటే పెద్దవి అక్కడే ఆగిపోతాయి. చిన్నవాటిని ఆపడం సందు వల్ల కాదు.

దానికి రెండో తనిఖీ: వాలు పట్టా. కాయిన్ ఒక సన్నని పట్టా మీద దొర్లుతుంది, వెనక గోడకి కాస్త ఆనుకుని. ఆ గోడలో పెద్ద కిటికీ కోస్తారు. సరైన కాయిన్ పై అంచు కిటికీ పైనున్న గట్టుకి ఆనుతుంది, అందుకని పడకుండా దొర్లిపోతుంది. చిన్న కాయిన్ తల ఆ గట్టుకి అందదు. కిటికీలోంచి వెనక్కి పడి, వేసినవాడి చేతికి తిరిగొస్తుంది. ఒక్క కదిలే భాగం కూడా లేదు! గురుత్వాకర్షణ ఒక్కటే. మొదటిసారి అర్థమైనప్పుడు నేను కాసేపు అలా ఉండిపోయా.

మూడోది బరువు. ఊయల లాంటి చిన్న లివర్. దానికి రెండు వేళ్ళుంటాయి, వాటి మధ్య కాయిన్ కూర్చుంటుంది. మరీ చిన్నదైతే వేళ్ళ మధ్యలోంచి జారిపోతుంది. కూర్చున్నదానికి సరిపడా బరువుంటే ఎదురు బరువుని లేపి ఊయల వంగుతుంది, కాయిన్ ముందుకి దొర్లుతుంది. తేలికదైతే ఊయల కదలదు, రిటర్న్ మీట నొక్కితే తిరిగొస్తుంది. లెక్క చూద్దాం. చెయ్యి పొడవు 30 మిల్లీమీటర్లు అనుకోండి. 4.85 గ్రాముల కాయిన్ ఇచ్చే టార్క్ సుమారు 1.43 న్యూటన్-మిల్లీమీటర్లు. 2011 తర్వాతి చిన్న రూపాయి 3.79 గ్రాములు, దాని టార్క్ 1.12. ఎదురు బరువుని రెండింటి మధ్య, 1.27 దగ్గర పెట్టాలి. అంటే అటూ ఇటూ 0.15 మాత్రమే వెసులుబాటు. పివట్‌లో దుమ్ము చేరినా, తుప్పు పట్టినా, డబ్బా కాస్త వంకరగా బిగించినా ఆ 0.15 తినేస్తుంది. పరీక్షలో ఫ్రిక్షన్ నెగ్లెక్ట్ చేస్తాం కదా, ఇక్కడ చేస్తే డబ్బా పనిచెయ్యదు.

నాలుగోది లోహం, ఇది అన్నిటికంటే అందమైన తనిఖీ. దొర్లే దారిలో ఒక అయస్కాంతం పెడతారు. ఇనుప వాషర్ వేస్తే అది అయస్కాంతానికి అతుక్కుపోతుంది. రిటర్న్ మీటతో గీకి కింద పడేస్తారు. అయస్కాంతానికి అంటుకోని లోహమైతే దాంట్లో ఎడ్డీ కరెంట్లు పుడతాయి, వేగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఆ లోహం వాహకత మీద ఆధారపడుతుంది. రాగి అయితే బాగా తగ్గిపోతుంది, కుప్రోనికెల్ అయితే కొంచెమే. పట్టా చివర కాయిన్ గాల్లోకి దూకుతుంది. సరైన వేగంతో వచ్చింది ఒక చిన్న గోడ దాటి గల్లాలో పడుతుంది. వేగం తేడాగా ఉన్నది గోడకి ఇవతల పడుతుంది. క్రికెట్ బంతి బౌండరీ దాటుతుందా లేదా అన్నట్టు. అమెరికన్ పాఠ్యపుస్తకాల్లో కాయిన్ మెషిన్ అంటే ఇదే బొమ్మ ఉంటుంది.

నేను ఈ బొమ్మ చూసి ఎగిరి గంతేసి, బాబాయి డబ్బాకి ఇదే పెడదామని థర్మోకోల్ మీద పట్టా, స్పీకర్లోంచి తీసిన మాగ్నెట్‌తో మోడల్ చేశా. రెండు రూపాయల బిళ్ళ వేశా. టక్కుమని అతుక్కుపోయింది.

స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి అంటదు అని మనందరం చిన్నప్పుడే బట్టీ పట్టాం. ఇంట్లో మంచి స్టీలు గ్లాసులు నిజంగానే అంటవు, ఎందుకంటే వాటిలో నికెలో మాంగనీసో ఎక్కువుండి ఆస్టెనిటిక్ నిర్మాణం వస్తుంది. మన రూపాయి, రెండు రూపాయలు ఫెర్రిటిక్. నికెల్ లేదు, చవక, అయస్కాంతానికి చక్కగా అంటుకుంటాయి. మెటలర్జీ సార్ చెప్పినప్పుడు నేను చివరి బెంచీలో ఏం చేస్తున్నానో గుర్తులేదు. అమెరికన్ మెషిన్‌లో ఇనుప దొంగని పట్టే అయస్కాంతం, మన దగ్గర అసలు దొరనే పట్టుకుంటుంది. అయిదు రూపాయలకి ఈ తనిఖీ పనికొస్తుంది. 2011 సిరీస్ అయిదు నికెల్ బ్రాస్; 75 శాతం రాగి, 20 జింక్, 5 నికెల్; 23 మిల్లీమీటర్లు, 6 గ్రాములు. కానీ 2007లో అదే 23 మిల్లీమీటర్లలో, అదే 6 గ్రాములతో స్టీలు అయిదు కూడా వచ్చింది. అది అతుక్కుంటుంది. అంతకు ముందు 9 గ్రాముల బరువైన కుప్రోనికెల్ అయిదు. ఇప్పుడు 2019 సిరీస్ అయిదు 25 మిల్లీమీటర్లు, 6.74 గ్రాములు. ఒక్క అయిదు రూపాయలకి నాలుగు ఒళ్ళు.

మింట్ వాళ్ళని తిట్టాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే తిట్టలేకపోయా. 2019 సిరీస్‌ని చూపులేని వాళ్ళ చేతికి తెలిసేలా డిజైన్ చేశారు. రూపాయి 20, రెండు 23, అయిదు 25, పది 27 మిల్లీమీటర్లు. విలువతో పాటు కొలతా, బరువూ పెరుగుతాయి. ఇరవై కూడా 27 మిల్లీమీటర్లే, కాకపోతే గుండ్రంగా కాకుండా 12 అంచులతో ఉంటుంది. వేళ్ళతో తడిమితే చాలు. వాళ్ళ కస్టమరు మనిషి వేలు, బాబాయి డబ్బా కాదు. (మీ దగ్గరున్న కాయిన్ మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ మింట్‌లో పుట్టింది. ఒకసారి చూసుకోండి, సరదాగా ఉంటుంది.)

మనుషుల తనిఖీ మాత్రం గొప్పగా ఉందా? మా వైపు కొట్లలో పది రూపాయల కాయిన్ ఇస్తే "చెల్లదమ్మా" అంటారు. 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చినా సరే. మెషిన్ చెల్లని దాన్ని తీసుకుంటే మనిషి చెల్లేదాన్ని కాదంటాడు.

సరే, బాబాయి డబ్బా విప్పా. లోపల ఈ మెకానికల్ ఊయలలేమీ లేవు. ఈ రోజుల్లో చవగ్గా దొరికే కంపారిజన్ రకం యాక్సెప్టర్. దాంట్లో మూడు తీగచుట్టలు వరుసగా ఉంటాయి. ఒక సందులో నమూనా కాయిన్ ఒకటి శాశ్వతంగా పెట్టి ఉంచుతారు. మనం వేసిన కాయిన్ రెండో సందులోంచి పడుతుంది. మధ్య చుట్టలో హై ఫ్రీక్వెన్సీ కరెంటు. అటూ ఇటూ ఉన్న చుట్టల్ని ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. రెండు పక్కలా ఒకేలాంటి కాయిన్ ఉంటే సిగ్నల్ కొట్టేసుకుని సున్నా అవుతుంది. కూరగాయల బండి మీద త్రాసు లాంటిదే. రాయి బదులు నమూనా కాయిన్, పళ్ళేల బదులు అయస్కాంత క్షేత్రాలు. సున్నా వస్తే ఒక సోలినాయిడ్ క్షణం పాటు తలుపు తీస్తుంది, కాయిన్ గల్లాలోకి పోతుంది. రాకపోతే తలుపు మూసే ఉంటుంది, కాయిన్ తిరిగొస్తుంది. కరెంటు పోయినా అంతే, కాయిన్ తిరిగొస్తుంది. ఈ ఒక్క నిర్ణయం తీసుకున్నవాడికి దండం పెట్టాలి. తలుపు మామూలుగా తెరిచి ఉండేలా చేసుంటే కరెంటు పోయిన ప్రతిసారీ మా వీధిలో గొడవే. తలుపు దాటాక ఒక చిన్న నాలుక ఉంటుంది, కిందకి వంగుతుంది కానీ పైకి వంగదు. కాయిన్‌కి దారం కట్టి వేసి లాగేసే మహానుభావుల కోసం.

నమూనాగా ఏ కాయిన్ పెట్టారో చూశా. 2011 రెండు రూపాయలు. పాత రూపాయి దానికి కవల పిల్ల. త్రాసు ఎలా తేడా చెప్తుంది? బొమ్మలో గీతల వల్ల వచ్చే చిన్న తేడా ఉంటుందేమో అనుకుని సెన్సిటివిటీ స్క్రూని బాగా బిగించా. నాలుగు పాత రూపాయలు వేశా, నాలుగూ తిరిగొచ్చాయి. విజయం! బాబాయికి చెప్పి పడుకున్నా.

పొద్దున్న 6:15కి నిద్ర లేపారు. బయట ఏడుగురు క్యూ. డబ్బా రూపాయిల్నే కాదు, రెండు రూపాయల్ని కూడా ఉమ్మేస్తోంది. పదేళ్ళు చేతులు మారి అరిగిన బిళ్ళ, కొత్త నమూనాతో అచ్చంగా సరిపోదు కదా. అరుగుదల వల్ల వచ్చే తేడా, బొమ్మ వల్ల వచ్చే తేడా కంటే పెద్దది. "నీ ఇంజనీరింగ్ తగలెయ్య" అన్నాడు బాబాయి. స్క్రూ మళ్ళీ వదులు చేశా. బిగిస్తే మంచివాళ్ళ కాయిన్ తిరిగొస్తుంది, వదిలితే రూపాయి లోపలికి పోతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలో ఏ ఫార్ములా చెప్పదు. బిళ్ళ తిరిగొచ్చి పనికి ఆలస్యమయ్యే మనిషి నష్టమా, బాబాయి రూపాయి నష్టమా, ఏది ఎక్కువ అని ఎవరో ఒకరు తేల్చుకోవాలి.

డబ్బా విప్పి ఉండగానే సాయంత్రమైంది. టెస్టింగ్ కోసమని రెండు రూపాయలు వేసి, కొలత గీతలున్న బకెట్‌లో పట్టా. 6 లీటర్లు రావాలి. 5.2 వచ్చాయి. ఇంకోసారి వేశా. అంతే. అయిదు రూపాయలు వేసి టిన్నులో పట్టి తూస్తే 17.3 కేజీలు.

అప్పుడు గుర్తొచ్చింది కుర్రాడన్న మాట. సాయంత్రం పూట బిందె నిండదు.

కారణం తెలుసుకోవడానికి పెద్ద కష్టపడలేదు, ఫ్లూయిడ్ మెకానిక్స్ రెండో యూనిట్. డబ్బాలో నీళ్ళు కొలిచే మీటర్ ఏదీ లేదు. టైమర్ ఉంది. కాయిన్ పడగానే వాల్వ్ తెరుచుకుంటుంది, ఇన్ని సెకన్ల తర్వాత మూసుకుంటుంది. ఆ సెకన్లు సెట్ చేసిన మెకానిక్ పొద్దున వచ్చాడు, అప్పుడు పైన ట్యాంకు నిండుగా ఉంది. నీటి మట్టం నుంచి కుళాయికి 2 మీటర్లు. సాయంత్రం రద్దీకి మట్టం దిగి 1.5 మీటర్లవుతుంది. టోరిచెల్లి చెప్పినట్టు నీటి వేగం ఎత్తు వర్గమూలంతో మారుతుంది. 0.75 వర్గమూలం 0.866. ఇరవైని దాంతో గుణిస్తే 17.3. ఆరుకి 5.2. పుస్తకంలో లెక్క ఇంత కచ్చితంగా రావడం నా చదువులో అదే మొదటిసారి, ఆనందించే పరిస్థితిలో మాత్రం లేను. హీరో గారి కూజాలో కూడా నీళ్ళు దిగేకొద్దీ పుణ్యం తగ్గుతూ వచ్చుండాలి.

కాగితం మీద వేశా. సాయంత్రం పూట సుమారు 25 టిన్నులు పోతాయి. ఒక్కోదాంట్లో 2.7 లీటర్లు తక్కువ. రోజుకి 67 లీటర్ల పైన, అంటే మూడు టిన్నుల పైచిలుకు, దాదాపు 17 రూపాయలు. వారానికి 118. కుర్రాడు వేసిన, లేదా ఎవరెవరో వేసిన, పాత రూపాయల వల్ల బాబాయికి పోయింది వారానికి 64. ఆ కాగితం బాబాయి ముందు పెట్టా. ఆయన చాలాసేపు చూశాడు. "నేనేం కావాలని చెయ్యలేదు కదరా" అన్నాడు. "వాడూ కావాలని చెయ్యలేదు బాబాయ్" అన్నా. ఇంకేం మాట్లాడలేదు, లేచి షట్టరు దించేశాడు.

బాగు చెయ్యడం ఎలా? ఫ్లో సెన్సర్ పెట్టొచ్చు. లోపల చిన్న చక్రం తిరుగుతుంది, ఆన్‌లైన్లో దొరికే మామూలు రకం లీటరుకి సుమారు 450 పల్సులు ఇస్తుంది, 9,000 లెక్కపెట్టి వాల్వ్ మూస్తే సరి. ఈసీఈ వాళ్ళు అదే చెయ్యమన్నారు. మెకానికల్ వాడిగా నాకు దానికంటే చవకైన దారి కనిపించింది. పెద్ద ట్యాంకుకీ కుళాయికీ మధ్య ఒక 50 లీటర్ల డ్రమ్ము, దానికి బాల్ కాక్. ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో ఉండేదే. పైన ట్యాంకు నిండుగా ఉన్నా సగముున్నా డ్రమ్ములో మట్టం మారదు. మట్టం మారకపోతే వేగం మారదు, టైమర్‌కి ఇక అబద్ధం చెప్పే అవకాశం లేదు. మొదట అర అంగుళం బాల్ కాక్ పెట్టి మళ్ళీ తప్పు చేశా. డ్రమ్ములోకి వచ్చే నీళ్ళ కంటే బయటికి పోయేవి ఎక్కువై, టిన్ను సగం నిండేసరికి మట్టం దిగిపోయింది. అంగుళం సైజుకి మార్చాక నిలబడింది. డ్రమ్ము కిందకుంది కాబట్టి ధార కాస్త నెమ్మదైంది, టైమర్ సెకన్లు పెంచాం. పొద్దున 20, సాయంత్రం 20. అటూ ఇటూ వంద మిల్లీలీటర్లు.

కాయిన్ సమస్యకి మాత్రం నా దగ్గర పరిష్కారం లేదు, ఎందుకంటే ఆ రెండు బిళ్ళల మధ్య మెషిన్‌కి అందే తేడా ఏదీ లేదు. కెమెరా పెట్టి బొమ్మ చదివించొచ్చు, రెండు రూపాయల నీళ్ళకి అంత ఖర్చు ఎవరు పెడతారు? క్యూఆర్ కోడ్ అతికించే ఉంది, ఫోన్ ఉన్నవాళ్ళు స్కాన్ చేస్తున్నారు. బిందెతో వచ్చే పిల్లలకీ, ముసలివాళ్ళకీ ఆ సందే దారి. చివరికి బాబాయే తేల్చాడు. "పాత రూపాయలు ఎన్నాళ్ళు తిరుగుతాయిలే, వస్తే రానీ" అన్నాడు. సందులో దూరని 27 మిల్లీమీటర్ల రెండు రూపాయలూ, చిన్నదని తిరిగొచ్చే 23 మిల్లీమీటర్లవీ తెచ్చేవాళ్ళ కోసం డబ్బా పక్కన ఒక ప్లాస్టిక్ గిన్నె పెట్టాడు. దాన్నిండా 2011 రెండు రూపాయలు. మీది వేసి, ఇందులోది తీసుకోండి. గిన్నెకి తాళం లేదు, తీగచుట్టల్లేవు, సోలినాయిడ్ లేదు. నెల తర్వాత ఫోన్ చేసి లెక్క అడిగితే "సరిగ్గానే ఉందిరా" అన్నాడు, కొంచెం ఆశ్చర్యంగానే.

టిఫిన్ సెంటర్ కుర్రాడు ఇప్పటికీ వస్తున్నాడు. బాబాయి వాడికి సారీ చెప్పలేదు, మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ అలవాటు లేదు. బిందె నిండాక ఇంకో చెంబుడు పోస్తాడు, అంతే. వాడు మాత్రం సందులో వేసే ముందు కాయిన్‌ని అంకె కనపడేలా ఎత్తి బాబాయికి చూపించి వేస్తాడు. ప్రతిసారీ. బాబాయి ఆ టైమ్‌కి పేపరు చదువుతున్నట్టు తల వంచుకుంటాడు.